మొదట రోగికి, తర్వాతే రిపోర్టులోకి: ఫైనల్ ఇయర్‌లో నా పరిశోధన అనుభవం

ఫైనల్ ఇయర్ పార్ట్ వన్‌లో ఉండగా రీసెర్చ్ ప్రాజెక్టు చేస్తానని చెబితే హాస్టల్లో ఎవరూ పెద్దగా సంతోషించలేదు. "పీజీ ఎంట్రన్స్‌కి చదువుకోక ఇదంతా ఎందుకే నీకు?" అంది నా రూమ్మేట్. నా మంచి కోరే అన్నది. ఎంబీబీఎస్‌లో ప్రాజెక్టు చేసినందుకు మార్కులు కలవవు. పీజీలో చేరితే థీసిస్ ఎలాగూ తప్పదు. మరి ఇప్పుడే ఎందుకంటే, ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు.

మెడిసిన్ పోస్టింగ్‌లో ఓపీలో కూర్చున్నప్పుడు రోజూ చూసేదాన్ని. ఒంటికి వెళ్తే మంట, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోంది అంటూ ఆడవాళ్లు వచ్చేవారు. చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో సగం వాడిన మాత్రల స్ట్రిప్పులు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక విడత, మెడికల్ షాపులో ఇంకో విడత వాడి, తగ్గక పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లు. ఇక్కడ మేమూ ఒక యాంటీబయాటిక్ రాసి పంపేవాళ్లం. కల్చర్ పరీక్ష, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, కొందరికే రాసేవాళ్లు. అంతకుముందు ఏం వాడారన్నదానికీ, ఇప్పుడు వాళ్ల మూత్రంలో ఉన్న బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందన్నదానికీ సంబంధం ఎంత? మా ఆసుపత్రి వరకు దీనికి జవాబు ఎవరి దగ్గరా కాగితం మీద లేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అనే పథకం నడుపుతోంది. మేమంతా ఎస్‌టీఎస్ అంటాం. సొంత కాలేజీలో ఒక ఫ్యాకల్టీ గైడ్‌గా ఉండాలి. ప్రపోజల్ ఆన్‌లైన్‌లో పంపాలి. ఎంపికైతే రెండు నెలల్లో పని ముగించి రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు ఆమోదం పొందితేనే సర్టిఫికెట్, స్టైపెండ్. పథకం చిన్నదే కానీ, పరిశోధన అంటే ఏమిటో విద్యార్థి తన చేత్తో చేసి చూసే అవకాశం మన చదువులో దాదాపు ఇదొక్కటే. అందుకే దాని మీద నాకు ఎంతో గౌరవం.

గైడ్‌గా ఉండమని మైక్రోబయాలజీ మేడమ్‌ని అడిగాను. నేను రాసుకెళ్లిన ప్రపోజల్లో ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు అందరూ ఉన్నారు. షుగరు ఉంది, కిడ్నీలో రాళ్లు ఉన్నాయి, అన్ని రకాల బ్యాక్టీరియా ఉంది. మేడమ్ ఓపిగ్గా చివరిదాకా చదివి, పెన్సిల్ నా చేతికిచ్చారు. "ఇందులో ఒక్క ప్రశ్న ఉంచు. మిగతావన్నీ నీ తర్వాత వచ్చేవాళ్లకు వదిలెయ్" అన్నారు. కొట్టేయడం నాకు కష్టంగానే అనిపించింది. సాయంత్రానికి మిగిలింది ఇది: 18 ఏళ్లు నిండి, గర్భిణులు కాకుండా, కేథటర్ (మూత్రం గొట్టం) లేకుండా ఓపీకి వచ్చే మహిళలు, బ్యాక్టీరియాల్లో పేగుల్లో ఉండే ఈ.కోలై మాత్రమే, అడిగేది గత నెల రోజుల్లో వాడిన యాంటీబయాటిక్ గురించి మాత్రమే. ఆసుపత్రి బయట వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి ఈ.కోలైయే కారణం కాబట్టి దాన్ని ఎంచుకున్నాం.

ఎంతమంది కావాలి అన్నది తర్వాతి ప్రశ్న. కమ్యూనిటీ మెడిసిన్‌లో మేం బట్టీపట్టిన 4పీక్యూ బై డీ స్క్వేర్ సూత్రం మొదటిసారి నాకు పనికొచ్చింది. పీ అంటే మనం వెతుకుతున్న లక్షణం ఎంత శాతం మందిలో ఉండొచ్చన్న అంచనా. సరిగ్గా తెలియనప్పుడు 50 శాతం అనుకుంటారు. క్యూ అంటే 100లోంచి పీ తీసేస్తే మిగిలేది, డీ అంటే మనం ఒప్పుకునే తేడా. పది శాతం అటూ ఇటూ తేడా ఫర్వాలేదనుకుంటే 4×50×50ని 100తో భాగించాలి, 100 వస్తుంది. అదే అయిదు శాతానికి మించి తేడా ఉండకూడదంటే 400 కావాలి. ఖచ్చితత్వం రెట్టింపు కావాలంటే శ్రమ నాలుగింతలు అవుతుందని క్లాసులో వందసార్లు విన్నా తలకెక్కలేదు. రెండు నెలల క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్క వేసినప్పుడు ఎక్కింది. పైగా ఈ 100 అన్నది శాంపిళ్ల లెక్క కాదు, ఈ.కోలై పెరిగిన శాంపిళ్ల లెక్క. కొన్నింటిలో ఏమీ పెరగదు, కొన్నింటిలో వేరే బ్యాక్టీరియా పెరుగుతుంది. అంతకంటే చాలా ఎక్కువమందిని కలవాలి.

ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లేటప్పుడు నాకు టెన్షన్ బాగానే ఉంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు. అధ్యక్షులు ఆ సంస్థకు బయటి వ్యక్తి అయి ఉండాలి. డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. నేను ప్రొఫెసర్ల ప్రశ్నలకే సిద్ధమై వెళ్లాను. వాళ్లు శాంపిల్ సైజు గురించి, మినహాయింపుల గురించి అడిగారు, చెప్పాను. తర్వాత ఆ మామూలు మనిషి, రిటైరైన ఒక టీచర్ గారు, మెల్లగా అడిగారు: "నువ్వు తీసుకునే శాంపిల్ రిపోర్టు ఆ పేషెంటుకు ఎప్పుడు అందుతుందమ్మా?"

రెండు రోజుల తర్వాత ఓపీలో తీసుకోవచ్చని చెప్పాను.

"ఆవిడ మళ్లీ రాకపోతే?"

ఆ ప్రశ్నకు నా ప్రోటోకాల్లో, అంటే అధ్యయన ప్రణాళికలో, జవాబు లేదు. నిజానికి ఏ ప్రోటోకాల్లోనూ నేను చూడలేదు. కల్చర్ అంటే మొదటి రోజు శాంపిల్‌ని ప్లేటులోని పోషక పదార్థం మీద విత్తడం, రెండో రోజు చూసి మందుల పరీక్ష పెట్టడం, మూడో రోజు రిపోర్టు. లంక గ్రామం నుంచి రేవు దాటి, బస్సెక్కి వచ్చిన మనిషి మూడో రోజు మళ్లీ రావాలంటే చార్జీలతో పాటు ఇంకో రోజు కూలి పోతుంది. రారు. రిపోర్టు మాత్రం రిజిస్టర్లో చక్కగా ఉంటుంది, అక్కడి నుంచి నా మాస్టర్ చార్టులోకి, అంటే డేటా అంతా ఉండే పట్టికలోకి, వస్తుంది, అక్కడి నుంచి ఢిల్లీలోని ఐసీఎంఆర్‌కి వెళ్తుంది. అది ఎవరి శరీరంలోంచి వచ్చిందో ఆవిడకు తప్ప అందరికీ అందుతుంది. రిపోర్టు రోగికి చేరే మార్గం రాతపూర్వకంగా చూపిస్తేనే అనుమతి అని కమిటీ లేఖ ఇచ్చింది. ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన అన్నిటికంటే విలువైన మాట అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

మేడమ్, నేను, మెడిసిన్ యూనిట్ సార్ కూర్చుని ఒక పద్ధతి రాసుకున్నాం. ప్రతి మహిళ దగ్గరా రెండు ఫోన్ నంబర్లు తీసుకోవాలి. రిపోర్టు రాగానే ముందు వైద్యం చేస్తున్న డాక్టర్‌కు చూపించాలి. మందు మార్చాలా వద్దా అన్నది ఆయనే నిర్ణయిస్తారు, విద్యార్థిగా నాకు ఆ హక్కు లేదు. ఆయన చెప్పింది ఆయన సమక్షంలోనే ఫోన్ చేసి చెప్పాలి. మందు మార్చాల్సి వస్తే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకునేలా చీటీ రాసి, దాని ఫోటో పంపాలి. దీన్ని కమిటీ ఒప్పుకుంది.

కన్సెంట్ ఫారం తెలుగులో రాయడానికి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. నేను రాసిన తెలుగును ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి, రెండూ సరిపోలాలి. చదవలేనివాళ్లకు మొత్తం చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. ఇవన్నీ నిబంధనలు. నిబంధనల్లో లేనిది మేడమ్ చెప్పారు: "డాక్టర్ టేబుల్ దగ్గర నిలబడి అడగకు. ఆయన చీటీ రాసిచ్చి పంపేశాక, బయట బెంచీ మీద కూర్చోబెట్టి అడుగు." ఎందుకో మొదటి వారంలోనే అర్థమైంది. టేబుల్ దగ్గర అడిగితే ఎవరూ కాదనరు. తెల్లకోటు చూసి, ఒప్పుకోకపోతే మందులివ్వరేమో అనుకుంటారు. బెంచీ మీద, చీటీ చేతిలో పడ్డాక అడిగితే, "నాకు బస్సు టైమవుతోందమ్మా, కుదరదు" అని చెప్పగలిగారు కొందరు. అలా కాదన్నవాళ్లను చూసినప్పుడు, ఒప్పుకున్నవాళ్ల ఒప్పుకోలు మీద నాకు నమ్మకం కలిగింది. "మా ఆయన్ని అడగాలి" అన్నవాళ్లూ ఉన్నారు. "మీరెలా అంటే అలాగే డాక్టరమ్మా" అన్నవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లకు ఇంకోసారి మొదట్నించీ చెప్పేదాన్ని.

మూత్రం సేకరించడం పుస్తకంలో ఒక్క వాక్యం: శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి. ఓపీ బాత్రూంలో నీళ్లు రాని రోజున ఆ వాక్యం ఎలా పాటిస్తారు? చర్మం మీది సూక్ష్మజీవులు కలిస్తే ప్లేటు మీద మూడు నాలుగు రకాలు పెరుగుతాయి, ఆ శాంపిల్ ఇక పనికిరాదు. వార్డులో పనిచేసే ఆయమ్మ ఒకరు దీనికి దారి చూపించారు. పొద్దున్నే వచ్చి ఒక బాత్రూం కడిగి, బకెట్‌లో నీళ్లు, మగ్గు పెట్టి, తాళం నాకిచ్చేవారు. ఎలా పట్టాలో ఆడవాళ్లకు ఆవిడే చెప్పేవారు, నాకంటే సూటిగా, సిగ్గుపడాల్సిన పని లేకుండా. మా రిపోర్టు కృతజ్ఞతల పేజీలో ప్రొఫెసర్ల పేర్లతో పాటు ఆమె పేరు కూడా రాశాను. మేడమ్ దాన్ని పై వరుసకు జరిపారు.

పట్టిన శాంపిల్‌ని రెండు గంటల్లోపు ప్లేటు మీద పెట్టాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వదిలేస్తే ఉన్న కాసిని బ్యాక్టీరియా లక్షల్లోకి పెరిగి లెక్క తప్పుతుంది. ఆ లెక్కే అసలు విషయం. మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా ఉంటే ఇన్ఫెక్షన్ అని 1950ల్లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ పెట్టిన గీతనే ఇప్పటికీ వాడుతున్నాం. శాంపిల్ తీసే లూప్ అనే చిన్న తీగ వలయంలో పట్టేది మిల్లీలీటరులో వెయ్యో వంతు. కాబట్టి ప్లేటు మీద ఒక్కో చుక్క, అంటే ఒక్కో కాలనీ, వెయ్యికి సమానం. వంద కాలనీలు కనిపిస్తే లక్ష.

ల్యాబ్‌లో గడిపిన పొద్దులు నాకెంతో ఇష్టం. ఇంక్యుబేటర్ తలుపు తీయగానే వచ్చే ఆ వెచ్చటి వాసన, మెకాంకీ అనే పోషక పదార్థం పోసిన ప్లేటు మీద గులాబీ రంగు కాలనీలు, ఇండోల్ పరీక్ష ట్యూబులో కోవాక్స్ ద్రావణం వేయగానే పైన తేలే ఎర్రటి వలయం: ఇవి చూసినప్పుడు ఇది ఈ.కోలైయే అని చెప్పగలగడం చిన్న విషయమే కావచ్చు, కానీ అంతకుముందు పరీక్ష పేపర్లో మాత్రమే చెప్పగలిగేదాన్ని.

మందుల పరీక్ష కిర్బీ, బౌయర్ పద్ధతి. 1966లో వాళ్లు ప్రచురించిన విధానమే ప్రపంచమంతా ప్రామాణికంగా నడుస్తోంది. బ్యాక్టీరియాను సెలైన్‌లో కలిపి, 0.5 మెక్‌ఫార్లాండ్ అనే కొలత గొట్టంతో పక్కపక్కన పెట్టి, వెనక నల్ల గీతలున్న తెల్ల అట్ట పెట్టి, మసక సమానంగా ఉందో లేదో చూడాలి. దూది పుల్లతో దాన్ని ముల్లర్ హింటన్ అనే పోషక పదార్థం పోసిన ప్లేటంతా మూడు దిక్కుల్లో పూయాలి. పదిహేను నిమిషాల్లోపు డిస్కులు, అంటే మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు, పెట్టాలి. ప్లేటులో అగార్ (గట్టిపడిన పోషక పదార్థం) మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. పల్చబడితే డిస్కు చుట్టూ వచ్చే వలయం పెద్దదవుతుంది, మందమైతే చిన్నదవుతుంది. మర్నాడు డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలుతో కొలిచి, ఆ కొలత ప్రకారం లొంగిందా లేదా రాస్తాం. మా ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌ని అందరూ అన్న అనే పిలుస్తారు. ప్లేట్లు పోసేటప్పుడు అన్న చెయ్యి మా అమ్మ దోసె పిండి తిప్పేటప్పటి చెయ్యిలాగే ఉండేది, ఎక్కడా హెచ్చు లేదు తగ్గు లేదు. నా చేతికి ఆ నిలకడ రావడానికి చాలా రోజులు పట్టింది.

అన్న దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది, అది వివరంగా చెప్పాలి. రోగుల బ్యాక్టీరియాతో పాటు, లక్షణాలన్నీ ముందే తెలిసిన ఒక ప్రామాణిక ఈ.కోలైని కూడా మేం పరీక్షించేవాళ్లం. దాని నంబరు ఏటీసీసీ 25922. జెంటామైసిన్ డిస్కు చుట్టూ దాని వలయం 19 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్య రావాలి, నైట్రోఫ్యూరాంటోయిన్‌కైతే 20 నుంచి 25. ఒక సోమవారం జెంటామైసిన్ వలయం ఆ హద్దు కంటే కిందికి వచ్చింది. ఆ వారాంతం కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిపోయింది. డిస్కుల్లో మందు శక్తి తగ్గిందన్నమాట. డిస్కు బలహీనపడితే వలయం చిన్నదవుతుంది, అంటే మందుకు లొంగే బ్యాక్టీరియా కూడా లొంగనట్టే కనిపిస్తుంది.

ఆ రోజు కొలతల్లో నిరోధకత, అంటే బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం, చాలా ఎక్కువగా ఉంది. రిపోర్టులో అలాగే రాసుంటే చదివినవాళ్లు ఉలిక్కిపడేవారు, సదస్సుల్లో పోస్టరు ముందు జనం ఆగేవారు. అన్న ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ పెట్టెలోని డిస్కులన్నీ తీసి ఆటోక్లేవ్ సంచిలో వేశారు. మేడమ్ ఆ రోజు ఫలితాలన్నిటి మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, తేదీ వేసి, సంతకం చేశారు. ప్రతి బ్యాక్టీరియానూ స్లాంట్ (ఏటవాలుగా అగార్ పోసిన గొట్టం) మీద దాచి ఉంచాం కాబట్టి కొత్త డిస్కులు వచ్చాక అన్నిటినీ మళ్లీ పెట్టాను. చాలావరకు లొంగేవిగానే తేలాయి. మనం పేపర్లలో, వార్తల్లో చూసే నిరోధకత అంకెల వెనక ఇలాంటి ఫ్రిజ్‌లు, ఇలాంటి కరెంటు కోతలు, ఇలా డిస్కులు పారేసే మనుషులు ఉన్నారన్నది అప్పటిదాకా నా ఆలోచనలోకే రాలేదు.

ఇక ప్రశ్నావళి. "గత నెలలో యాంటీబయాటిక్ వాడారా?" అని అడిగితే చాలామంది లేదనే చెప్పారు. చేతిలో కవరు మాత్రం ఉంది. అసలు పని మొదలుపెట్టే ముందే కొద్దిమందితో ప్రశ్నలను పరీక్షించి చూడమని మేడమ్ చెప్పడం వల్ల ఇది ముందే బయటపడింది. ప్రశ్న మార్చాం. దగ్గర్లోని మెడికల్ షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే యాంటీబయాటిక్ మాత్రల స్ట్రిప్పుల ఫోటోలు తీసి, ఒక అట్ట మీద అంటించాను. "వీటిలో ఏదైనా మింగారా? ఎన్ని రోజులు? ఎవరిచ్చారు?" అప్పుడు వేళ్లు టకటకా ఫోటోల మీదికి వెళ్లాయి. "ఇదిగో, ఈ తెల్ల బిళ్ల, రెండు పూటలు వేసుకున్నా. మంట తగ్గింది, ఆపేశా." "ఇది మా తోడికోడలికి రాసింది, మిగిలితే నేను వేసుకున్నా." చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అన్న తేడా ఇందులో నాకు పెద్దగా కనిపించలేదు.

ఆ ఫోటోల్లో ఎర్ర గీత ఉన్న స్ట్రిప్పులు చాలా ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని ఆ గీతకు అర్థం, కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో దాని మీద ప్రచారం కూడా చేసింది. అంతకుముందే, 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. సెఫిక్సిమ్ లాంటి మందులు అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు షాపువాళ్లు రిజిస్టర్లో రాయాలి. నేను మాట్లాడిన మహిళల్లో ఆ గీత దేనికో చెప్పగలిగినవాళ్లు దాదాపు లేరు. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. జ్వరంతో పొలం నుంచి వచ్చిన మనిషికి షాపు నడిచే దూరంలో ఉంది, డాక్టర్ బస్సు దూరంలో ఉన్నాడు. రూలు పెట్టినవాళ్లు ఈ దూరాన్ని కూడా తగ్గించాలి.

ఫోన్లు చేయడం ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన భాగం. ఇచ్చిన నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది అయ్యేది. "మా అమ్మకి ఏమైంది మేడమ్?" అని ఆ అబ్బాయి కంగారుపడేవాడు. అలాంటప్పుడు రోగి విషయం ఆమె అనుమతి లేకుండా కొడుక్కి చెప్పొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. "ఆసుపత్రి నుంచి ఫోన్ చేయమన్నారని అమ్మకి చెప్పండి బాబూ, కంగారేం లేదు" అని మాత్రమే చెప్పేదాన్ని. పక్కింటివాళ్ల ఫోన్‌కి చేసి, వాళ్లు ఫోన్ పట్టుకుని ఆమె ఇంటికి నడిచేదాకా లైన్లో ఉన్న రోజులున్నాయి.

ఒక పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆమె బ్యాక్టీరియా ఈఎస్‌బీఎల్ రకం, అంటే చాలా యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసే రకం. సెఫిక్సిమ్ కుటుంబానికే చెందిన సెఫొటాక్సిమ్ డిస్కు చుట్టూ వచ్చిన వలయం కంటే, ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే క్లావులనేట్ కూడా కలిపిన డిస్కు చుట్టూ వలయం కనీసం 5 మిల్లీమీటర్లు పెద్దదైతే ఆ రకం అని నిర్ధారిస్తాం. అంటే మేం ఓపీలో ఆమెకు రాసిచ్చిన సెఫిక్సిమ్ మీద ఆధారపడలేం. నైట్రోఫ్యూరాంటోయిన్‌కు మాత్రం బాగా లొంగుతోంది. పాత మందు, చవకైన మందు. మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్‌కి బాగా పనిచేస్తుంది, కిడ్నీదాకా పాకితే పనికిరాదు, కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు ఇవ్వకూడదు. సార్ ఆమె కేస్ షీట్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) చూసి మందు మార్చారు. ఫోన్ చేస్తే ఆమె మొదట నమ్మలేదు. "ఆసుపత్రోళ్లు నాకు ఫోన్ చేయడమేంటమ్మా?" అన్నారు. వారం తర్వాత మళ్లీ చేస్తే మంట పూర్తిగా పోయిందని, రాత్రులు నిద్ర పడుతోందని చెప్పారు.

డేటా అంతా చేరాక మాస్టర్ చార్టు వేసి, ఎపీ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష చేశాను. ముందే యాంటీబయాటిక్ వాడినవాళ్లలో నిరోధక బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. నైట్రోఫ్యూరాంటోయిన్‌కు ఎక్కువ శాతం లొంగాయి, సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగనివి చాలా. పీ-వాల్యూ, అంటే నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం, 0.05 కంటే తక్కువ రాగానే నేను పట్టలేనంత సంతోషంతో మేడమ్ గదికి వెళ్లాను. ఆమె కూడా సంతోషించారు. తర్వాత కూర్చోమని రెండు ప్రశ్నలు వేశారు.

మొదటిది: మన దగ్గరకు వచ్చినవాళ్లు ఎవరు? ఊళ్లో మాత్రలు పనిచేసి తగ్గిపోయినవాళ్లు పెద్దాసుపత్రికి రారు. తగ్గనివాళ్లే వస్తారు. కాబట్టి మన ఓపీలో కనిపించే నిరోధకత జిల్లాలో ఉన్న నిరోధకత కంటే తప్పకుండా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ అంకె చూపించి ఫలానా జిల్లాలో ఇంత శాతం అనడానికి వీల్లేదు. రెండోది: మందు వాడటం వల్ల నిరోధకత వచ్చిందా, లేక మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లు మందులూ ఎక్కువ వాడతారు, వాళ్లలో నిరోధక రకాలూ ఎక్కువ ఉంటాయా? ఒకే రోజున రెండూ అడిగిన అధ్యయనంతో ఇది తేలదు. నా డ్రాఫ్ట్‌లో "వల్ల" అన్న చోటల్లా "ఉన్నవారిలో" అని మార్చి రాశాను. పరిమితుల విభాగం ఒక పేజీకి పెరిగింది. రిపోర్టు మొత్తంలో నేను గర్వంగా చూపించగలిగే పేజీ అదే.

కాలేజీలో ప్రజెంటేషన్ ఇచ్చిన రోజు ప్రశ్నలన్నీ దాదాపు ఆ పేజీ చుట్టూనే తిరిగాయి. కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్ గారు గట్టిగానే అడిగారు, జవాబులన్నీ చెప్పగలిగాను. నన్ను ఎక్కువ సంతోషపెట్టింది మాత్రం వేరే. మైక్రోబయాలజీలో కల్చర్ రిక్వెస్టు ఫారం మీద ఇప్పుడు రెండో ఫోన్ నంబరుకి ఒక గడి చేర్చారు. మెడిసిన్ యూనిట్‌లో ఇంటర్న్‌లు వంతులవారీగా ఫోన్లు చేస్తున్నారు. ప్రతి ఫోనూ కలవదు, కలిసినవాటికి రిపోర్టు అందుతోంది.

ఎస్‌టీఎస్‌కి సిద్ధమయ్యే జూనియర్లు నన్ను అడిగితే ముందు చెప్పేది ఎథిక్స్ కమిటీ సమావేశాల తేదీలు కనుక్కోమని. అది రోజూ కూర్చోదు, దాని కోసం ఎదురుచూడటంలోనే రెండు నెలల్లో సగం పోయినవాళ్లు ఉన్నారు. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేరు కంటే, మీ డ్రాఫ్ట్ చదవడానికి ఆ సార్‌కో మేడమ్‌కో టైముందా అన్నది చూసుకోండి. కావలసిన డిస్కులు, మీడియా (బ్యాక్టీరియాను పెంచే పోషక పదార్థాలు) స్టోర్‌లో ఉన్నాయో లేదో ప్రపోజల్ పంపకముందే వెళ్లి కళ్లతో చూడండి.

మా జూనియర్ ఒకమ్మాయి ఇదే ప్రశ్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో అడగబోతోంది, ఇంకా ఏ మందూ వాడకుండా మొదటిసారి వచ్చిన మహిళలతో సహా. నాకు దొరకనివాళ్లు ఆమెకు దొరుకుతారు. నా అట్ట, ప్రొఫార్మా, ఫోన్ పద్ధతి అన్నీ ఇచ్చేశాను. అక్కడి నుంచి మా ల్యాబ్‌కి శాంపిల్ రెండు గంటల్లో రావడం కుదరదు కాబట్టి బోరిక్ యాసిడ్ ఉన్న సీసాలు వాడాలని అనుకుంటోంది. వాటిలో అయితే బయట ఉన్నా ఒక రోజు వరకు లెక్క మారదు. ఆ సీసాలు ఎక్కడి నుంచి తెప్పించాలన్నదాని మీద ఈ వారం అన్నతో కూర్చుంటున్నాం.